చుక్కి మూట ఎత్తిన రోజు

ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పండి. చదువుకుంటానని వచ్చిన పిల్లను నలుగురిలో నిలబెట్టి, "ముందు నీ కష్టం చెప్పు, మాకు కన్నీళ్లొస్తేనే సాయం" అంటారా? కానుగతోపులో జంతువులు సరిగ్గా అదే చేశాయి.

అంతకుముందు ఆ తోపు అలా ఉండేది కాదు. కోతలయ్యాక గూటిగూటి నుంచీ, బొరియబొరియ నుంచీ గుప్పెడేసి గింజలు వచ్చి ఉమ్మడి గాదెలో పడేవి. ఏటా వానలకు ముందు, కష్టాలకు ఎదురీది నిలబడ్డ ఒక పిల్లకు ఆ గింజలు మూటగట్టి, వాగవతల కొంగ పంతులు బడికి పంపేవాళ్లు. ఆ పిల్ల నోరు విప్పి అడగాల్సిన పనే లేదు. దాని కష్టం చూసినవాళ్లే లేచి చెప్పేవాళ్లు. చెప్పినవాళ్లే మూటకు తలో చేయి వేసి వీపుకెత్తేవాళ్లు.

"నన్ను పంపిన పొద్దు ఇంకా కళ్లముందే ఉందిరా" అనేవాడు ఎద్దు తాత నెమరేస్తూ. "కానుగపూలు రాలి దారంతా పరుపు. ఈ తాబేలవ్వ మూట కిందకి దూరి, 'నేనూ ఎత్తుతున్నా' అని ఒకటే కేక. ఎత్తిందో, అణిగిందో!"

"ఎత్తాను! నీకు తెలీలేదంతే" అనేది తాబేలవ్వ, ఎన్నిసార్లన్నా.

తర్వాత గాదె పెత్తనం నక్క బావ చేతికొచ్చింది. "ఒకరి గురించి ఇంకొకరు చెప్పడమేంటి, పాతకాలం పద్ధతి! ఎవరి కష్టం వాళ్లే చెప్పుకోవాలి. సభను ఏడిపించినవాడికే మూట" అన్నాడు. కొత్తగా ఉందని అందరూ తలూపారు.

ఆ ఏడు ఇద్దరు నిలబడ్డారు. ఒకరు చుక్కి, నుదుట తెల్లచుక్క ఉన్న మేకపిల్ల. కిందటేడు వరదలో తల్లి కొట్టుకుపోతే, ఇద్దరు చెల్లెళ్లను సాకుతూనే వాగొడ్డు ఇసకలో గిట్టతో అక్షరాలు దిద్దుకుంది. వాగు పొంగితే దారి మూసుకుపోతుంది. ఈసారి వెళ్లకపోతే బడి ఈడు దాటిపోతుంది. రెండోవాడు గుంటడు, నక్క బావ మేనల్లుడు. వాడు పూట తిండి తప్పినట్టు ఎవరూ ఎరగరు.

గుంటడు ఒళ్లంతా బూడిద పూసుకొచ్చాడు. "పెద్దలారా! వరదకు మా బొరియ కూలింది. వానాకాలమంతా నెత్తిన ఆకైనా లేకుండా, తడుస్తూ, పస్తులుంటూ..." అంటూ గొంతు వణికించాడు. కుందేలు పిన్ని వెక్కివెక్కి ఏడ్చింది. కాకి ముక్కు చీదింది.

"ఇక నువ్వు చెప్పమ్మా" అన్నాడు నక్క బావ.

చుక్కి నేల గీరింది. "అమ్మ వరదలో పోయింది. నాకు చదువుకోవాలనుంది."

"అంతేనా?"

"అంతే మామా."

"మరి ఏడుపేదీ? ఇలాగైతే ఎవరి గుండె కరుగుతుందమ్మా?"

సభ నవ్వింది. నవ్వినవాళ్లంతా మంచివాళ్లే, అదే నా బాధ. మూట గుంటడిదైంది.

వాడు లాక్కుపోబోతుంటే ఎద్దు తాత కాలు అడ్డం పెట్టాడు. "ఆగరా అబ్బీ. కథ నువ్వే చెప్పుకున్నావు, సరే. మూట మాత్రం నీ కష్టం చూసినవాళ్లే ఎత్తాలి. ఆ పద్ధతి తీసేయలేదుగా, బావా?"

"అబ్బే, తీసేయలేదు" అన్నాడు నక్క పెద్దరికంగా. "చూసినవాళ్లు రండి!"

ఎవరూ కదల్లేదు.

"సొంత మేనమామను, నేను లేనూ? నేను చూశాను!" అంటూ నక్క మూటమీద చేయి వేశాడు.

"వాడు వానలో తడవడం చూశావా?"

"ఈ కళ్లతోనే!"

"పస్తులుండటం?"

"చూసి కుమిలిపోయాను తాతా!"

"నీ బొరియ మిట్టమీద కదా, పొడిగా, వెచ్చగా. చెల్లెలి కొడుకు వానాకాలమంతా తడుస్తుంటే గుమ్మంలో కూర్చుని చూశావన్నమాట."

తోపంతా నక్కవైపు తిరిగింది.

"ఛఛ! నేనంత కసాయివాణ్ణా? మొదటి చినుక్కే లోపలికి తెచ్చుకున్నా. రోజూ పీతల పులుసు పెట్టా!"

"అయితే వాడు తడిసిందెప్పుడు? పస్తున్నదెప్పుడు?"

నక్క మేనల్లుడికేసి చూశాడు. "పులుసులో ఉప్పెక్కువైంది మామా" అని గొణిగాడు గుంటడు. తోపు తోపంతా పగలబడి నవ్వింది.

ఎద్దు తాత నవ్వలేదు. "నక్కను అడిగిన మాటే మిమ్మల్నీ అడుగుతున్నా. చుక్కి కష్టం ఎవరూ చూడలేదా?"

నవ్వులు ఆగిపోయాయి. కుందేలు పిన్ని లేచింది. "చూశాను. వరద తీసిన పొద్దున, చెల్లెళ్లను చెరోపక్కా పొదువుకుని వాగువైపే చూస్తూ కూర్చుంది. పలకరిద్దామనుకుంటూనే గడ్డి తొందరలో వెళ్లిపోయాను." మూటకు చేయి వేసింది. "చెల్లెళ్లిద్దరూ ఇక నా దగ్గరుంటారు. నువ్వెళ్లమ్మా."

"దాని అక్షరాలు తొక్కకుండా పక్కకు వాలేదాన్ని" అంది కాకి. "ఒక్కరికైనా చెప్పాను కాదు." తనూ ముక్కుతో మూట కొస అందుకుంది.

తాబేలవ్వ మూట కిందకి దూరింది. "నేనూ ఎత్తుతున్నా!"

"అణుగుతావే అవ్వా!" అన్నాడు ఎద్దు తాత.

మూట వీపుకెక్కింది. సభలో రాని ఏడుపు చుక్కికి అప్పుడొచ్చింది. రాలిన కానుగపూల మీదుగా అది వాగు దాటాక తొలి వాన మొదలైంది. గాదె పెత్తనం పోయిన నక్క బావ, మొదటి చినుక్కే బొరియలో దూరాడు.

పిల్ల కష్టం చెప్పాల్సింది పిల్ల కాదు, చూసినవాళ్లు.

మీ వీధిలోనూ ఒక చుక్కి ఉంది. మీరు చూశారు, నాకు తెలుసు. ఈ ఏడు మీ సంఘం స్కాలర్‌షిప్ ఇచ్చే రోజున ఆ పిల్లను మైకు ముందుకు నెట్టకండి. మీరే లేవండి, మీరు చూసింది చెప్పండి. చెప్పి ఊరుకోకండి, మూటకు చేయి వేయండి.