కుండీల్లో నిద్రపోయిన అన్నలు

అనగనగా ఒక ఎండల రాజ్యం. దానికి చంద్రకేతు అని ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భద్రకేతు, నడిమివాడు నీలకేతు, చిన్నవాడు సుకేతు. ఆ రాజ్యంలో చలంటే ఏమిటో ఎవరికీ తెలీదర్రా! మొక్కకి ఏ కష్టమొచ్చినా రెండు బిందెల నీళ్ళు పొయ్యడం, నీడకి జరపడం, అంతే వాళ్ళకి తెలిసిన వైద్యం.

ఒకనాడు అన్నలిద్దరూ మంచు ఎలా ఉంటుందో చూసొస్తామని ఏడు సముద్రాలు దాటి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఏడాది ఎదురుచూసి సుకేతు బయల్దేరాడు. ఏడు సముద్రాలూ ఎలా దాటాడని అడక్కండి. ఓడలో దాటాడు, మరెలా దాటుతాడు!

అక్కడ మంచుకొండ మీద తుహినాక్షుడనే మాంత్రికుడు ఉన్నాడు. వాడి ముంగిట్లో రెండు కుండీలు, ఒక్కో కుండీలో మూరెడు ఎత్తు చెట్టు. ఉన్నది మూరెడే గానీ, వందేళ్ళ మానుకున్నన్ని మెలికలు.

"నా ప్రాణం ఏ చిలకలోనో ఉందని వెతుకుతావేమో, శ్రమపడకు. అది పాత పద్ధతి," అన్నాడు మాంత్రికుడు పగలబడి నవ్వుతూ. "ఇవిగో నీ అన్నలు. అడక్కుండా నా కొండెక్కారు, చెట్లయ్యారు. నువ్వు అడిగి ఎక్కావు గనక మిగిలావు. ఈ శీతాకాలం మూడు మంచు తుఫానులొస్తాయి. అవి దాటుకుని వసంతంలో చిగురిస్తే మనుషులవుతారు, నా మంత్రాలన్నీ పోతాయి. ఎండిపోయారా, నా పొయ్యిలోకే!"

మాంత్రికుడికి తరళ అని ఒక కూతురు. చెట్ల సంగతి ఆ పిల్లకి బాగా తెలుసు. అందుకే, నోరు విప్పితే రాయైపోతావని తండ్రి కట్టడి చేశాడు. పాపం, సుకేతుకి ఒక గుడిసె చూపించి ఊరుకుంది.

సుకేతుకి తల తిరిగిపోయింది. వీళ్ళు అన్నలా, చెట్లా? అన్నలైతే అన్నం పెట్టాలి. చెట్లైతే నీళ్ళు పొయ్యాలి. ఎటూ తేలక, చెరో ముద్ద పెరుగన్నం చెట్టు మొదట్లో పెట్టి, పైన చెంబెడు నీళ్ళు పోశాడు. తరళ తల కొట్టుకుంది.

మొదటి తుఫాను వచ్చింది. సుకేతు కుండీలు రెండూ గుడిసెలోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. "వెచ్చగా ఉందా అన్నయ్యా?" అని గంటకోసారి అడిగాడు. పది రోజులకి కొమ్మల మీద మొగ్గలు ఉబ్బాయి. సంతోషం పట్టలేక గంతులేశాడు. ఆ చప్పుడికి గుడిసె వెనక గుహలో ఎలుగుబంటి లేచింది.

"ఎవడ్రా అది, చలికాలంలో నిద్ర చెడగొట్టింది?"

"ఎలుగు మామా, మా అన్నలు చిగురిస్తున్నారు!"

"చిగురు కాదురా పిచ్చివాడా, చావు! చలికాలం నేనూ పడుకోవాలి, చెట్టూ పడుకోవాలి. ఇప్పుడే లేస్తే ఉన్న సత్తువంతా అయిపోతుంది. మొగ్గ ఇంకా విచ్చలేదు, మించిపోయింది లేదు. బయట పెట్టు," అని ఆవలించి వెళ్ళిపోయింది.

చలిలో పెడితే బతుకుతారట! ఏమీ అర్థంకాకపోయినా బయట అరుగు మీద పెట్టాడు. మనసొప్పక చెట్ల తలలకి తలపాగాలు చుట్టి, భుజాల మీద గొంగళి కప్పాడు. తరళ నవ్వలేక చచ్చింది.

రెండో తుఫాను రాబోతుండగా ఒక ఉడుత పరుగెత్తుకొచ్చింది. "తలకెందుకు చుట్టావు? కొమ్మలు చలికి ఆగుతాయి. వేళ్ళకే భయం. అడవి చెట్ల వేళ్ళు భూమిలోపల దాక్కుంటాయి. వీటికి ఉన్నది జానెడు కుండీ, నాలుగువైపులా చలి తగులుతుంది. చూరు కింద గొయ్యి తవ్వి, కుండీని అంచుదాకా పూడ్చి, పైన ఎండుటాకులు కప్పు."

"బతికుండగానే మా అన్నల్ని పూడ్చమంటావా ఉడుతమ్మా? మామేమో వెచ్చదనం వద్దన్నాడు, నువ్వేమో కప్పమంటున్నావు. ఎవరి మాట వినను?"

"ఇద్దరిదీ," అని తుర్రుమంది ఉడుత.

సుకేతు ఏడుస్తూనే తవ్వాడు. గట్టిపడిన నేల, చేతులు బొబ్బలెక్కాయి. అన్నల్ని పూడ్చి, ఆకులు కప్పి, క్షమించమని దణ్ణం పెట్టుకున్నాడు.

మూడో తుఫాను అన్నిటికన్నా పెద్దది. కురిసిన మంచునల్లా సుకేతు చీపురుతో ఊడుస్తున్నాడు. ఒక తెల్ల కుందేలు తల పైకెత్తి, "ఓరి నాయనా, దుప్పటెందుకు లాగేస్తావు?" అంది.

"ఏ దుప్పటి?"

"మంచేరా! నా ఇల్లు దాని కిందే, ఎంత వెచ్చగా ఉంటుందో. కొమ్మల మీది మంచు దులుపు, లేకపోతే బరువుకి విరుగుతాయి. చెట్టు మొదట్లోది ఉండనీ. గాలి వచ్చేవైపు తడక కట్టు, కొమ్మల్లోని తడి అంతా గాలి పీల్చేస్తుంది."

మంచు వెచ్చగా ఉండటమేమిటో వాడికి ఏడు జన్మలెత్తినా అర్థమయ్యేలా లేదు. అయినా చెప్పినట్టే చేశాడు. గాలికి తడక ఎగిరిపోతే, తనే గాలికి వీపు పెట్టి కూచున్నాడు.

అప్పుడు వినబడింది, అచ్చం పెద్దన్న గొంతు. "తమ్ముడూ, చచ్చిపోతున్నాంరా! పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళరా!"

సుకేతు గుండె చెరువైంది. గబగబా ఆకులు తోసి కుండీ అంచు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడల్లా ఆగాడు. పడుకున్నవాళ్ళు మాట్లాడరు కదా! మళ్ళీ ఆకులు కప్పి, మంచు తెరలోకి చూస్తూ, "మాంత్రికుడా, మెల్లిగా మాట్లాడు. మా అన్నలు నిద్రపోతున్నారు," అన్నాడు. ఇంకో మాట వినబడలేదు.

వసంతం వచ్చింది. కొండంతా పచ్చబడింది. ఆ రెండు చెట్లూ మాత్రం పుల్లల్లాగే ఉన్నాయి. మాంత్రికుడు గొడ్డలి పట్టుకుని వచ్చాడు.

"నేనే చంపుకున్నాను," అని సుకేతు కూలబడ్డాడు. పొయ్యి దగ్గర పెట్టి చంపానా, పూడ్చి చంపానా? ఎక్కడ తప్పు చేశాడో కూడా తెలీదు. అంతలో తరళ వచ్చి, నోరు మెదపకుండా, ఒక కొమ్మని గోటితో గీకింది. బెరడు కింద పచ్చగా ఉంది!

"బతికున్నారు!" అని సుకేతు చెట్లకి అడ్డంగా పడుకున్నాడు. "వసంతం ఇంకా అయిపోలేదు. నరికితే ముందు నన్ను నరుకు!" మాట ఇచ్చినవాడు మాంత్రికుడు, ఏం చేస్తాడు? పళ్ళు కొరుకుతూ కూచున్నాడు. ఒకరోజు గడిచింది, రెండు గడిచాయి. మూడోనాటి పొద్దున రెండు చెట్లకీ చెరో ఆకు విచ్చుకుంది.

ఇంకేముంది! మాంత్రికుడు మంత్రాలు పోయి దగ్గుకునే ముసలివాడయ్యాడు. అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

"ఒరే చిన్నోడా, నువ్వెప్పుడొచ్చావు? ఎంతసేపు పడుకున్నాం?" అన్నాడు భద్రకేతు.

"కొంచెంసేపే అన్నయ్యా," అన్నాడు సుకేతు.

"కొంచెంసేపా!" అంది తరళ. శీతాకాలమంతా బిగబట్టిన నోరు, ఇక ఆగుతుందా? పెరుగన్నం మొదలుకుని ఒక్కటీ వదలకుండా చెప్పింది. భద్రకేతు చలికి పగిలిన తమ్ముడి చేతులు రెండూ తీసుకుని, తన చంకల్లో పెట్టుకుని గట్టిగా అదిమాడు. అప్పుడు సుకేతు పసిపిల్లాడిలా బావురుమన్నాడు.

ఆ తర్వాత అందరూ ఎండల రాజ్యానికి తిరిగొచ్చారు. తరళకీ సుకేతుకీ అంగరంగవైభవంగా పెళ్ళయింది. రాజ్యం తమ్ముడికే ఇమ్మని తండ్రితో అన్నారు అన్నలు. చెరోపక్కా వాళ్ళు కూచోగా సుకేతు అరవై ఏళ్ళు ఏలాడు. వాళ్ళు హాయిగా ఉన్నారు, మీరూ లేచి అన్నాలు తినండర్రా.