బెజ్జం లేని పచ్చకప్ప

అనగనగా ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడిది కండబలం, రెండోవాడిది డేగ చూపు. మూడోవాడు కుందనుడికి ఉన్నవల్లా ప్రశ్నలే. ఇదెందుకు, అదెందుకు అని అందరి ప్రాణాలూ తోడేసేవాడు.

ఏడు సముద్రాల అవతల బంగారు దీవిలో కరకంఠుడనే మాంత్రికుడు ఉన్నాడు. చిక్కినవాణ్ణి బంగారు జంతువుగా మార్చి మెళ్ళో వేసుకునేవాడు. దాంతో ఆ జంతువు శక్తి వాడికి వచ్చేది. వాడి పీడ వదిలిద్దామని వెళ్ళిన పెద్దవాడు మచ్చలపులి అయ్యాడు, రెండోవాడు గద్ద అయ్యాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని ఎవరు చెప్పారో ఏమో, చిలకల వెంట పరిగెత్తి దొరికిపోయారు!

అన్నల కోసం కుందనుడు మొసలి వీపెక్కి దీవి చేరాడు. కనబడ్డ చిలకను అడిగాడు, "నీలో ఉందా వాడి ప్రాణం?"

"నాలో ఉన్నది నా ప్రాణమే నాయనా," అంది చిలక. "కోట లోపలున్న మరకతవల్లిని అడుగు."

మరకతవల్లి ఆ దీవి రాజకుమారి. మాంత్రికుడు ఆమెను బంధించి నగలకు బెజ్జాలు వేయిస్తున్నాడు. వెదురుపుల్లా తడి ఇసుకా ఆమె పనిముట్లు. కుందనుడు లోపలికెళ్ళి నగలన్నీ తిరగేసి చూశాడు. పాముకి బెజ్జం ఉంది, గబ్బిలానికీ ఉంది. పచ్చరాతి కప్పకి మాత్రం లేదు.

"దీన్ని దారానికి గుచ్చరా?"

"బెజ్జం వెయ్యొద్దన్నాడండీ. ఎందుకని నేనడగలేదు."

"మెళ్ళో వేసుకోని నగ ఎందుకు? వాడి ప్రాణం ఇందులోనే ఉంది!"

కుందనుడు కత్తి దూసి కొట్టాడు. కత్తే విరిగింది. మరకతవల్లి పకపకా నవ్వింది. "ఈ రాయి దెబ్బకి లొంగదు, ఓపికకి లొంగుతుంది. వాడు వచ్చే వేళయింది, ఎలాగండీ?"

"వాడి సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు కుందనుడు. ఆమె కప్ప మీద తడి ఇసుక వేసి పుల్ల తిప్పడం మొదలెట్టింది.

కరకంఠుడు వాకిట్లోకి వచ్చాడు. కుందనుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్ను ఏ జంతువుగా మార్చినా సరే స్వామీ, ముందు ఒక్కమాట. పులిని వేసుకుంటే ఏమొస్తుంది?"

"బలం!"

"గద్దని వేసుకుంటే?"

"దూరపు చూపు!"

"గబ్బిలం తలకిందులుగా ఎందుకు వేలాడుతుంది? బంగారానికి తుప్పెందుకు పట్టదు?"

గొప్పలు చెప్పుకోవడమంటే చెవికోసుకునే మాంత్రికుడు గొంతు బొంగురుపోయేదాకా చెప్పాడు. లోపల పుల్ల తిరుగుతూనే ఉంది.

"ఇంకొక్కటే స్వామీ. కప్పని వేసుకుంటే?"

"వాన! కానీ ఆ కప్పని ఎవరూ..." మాంత్రికుడి మొహం పాలిపోయింది. లోపలికి ఉరికాడు. అప్పటికే పుల్ల అవతలికి తేలింది. వాడు గడపలోనే కుప్పకూలాడు. వాడి మెళ్ళో పులీ గద్దా అన్నలై లేచి తమ్ముణ్ణి కావలించుకున్నారు.

కుందనుడికీ మరకతవల్లికీ పెళ్ళయింది. పెళ్ళికూతురు పచ్చకప్పని మెళ్ళో వేసుకోగానే పందిరి తడిసి ముద్దయ్యేంత వాన కురిసింది. వాళ్ళు నూరేళ్ళు చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో పిల్లలు "ఎందుకు?" అనడిగితే విసుక్కున్న పెద్దవాళ్ళే లేరట!