కాకిపెట్ట కింద పర్లపెట్ట గుడ్లు

గుడ్డు పెట్టేసి పెరడంతా దద్దరిల్లేలా అరిచినంత మాత్రాన పిల్లని పెంచినట్టేనా? మీరే చెప్పండి. తలలు దించుకోకండి, ఇటు చూసి చెప్పండి. చెప్పలేకపోతే వినండి.

అచ్చియమ్మ పెరట్లో, వంటపాక గోడవార, ఊక పోసిన బుట్టలో కాకిపెట్ట పొదుగుకు కూర్చుంది. ఒళ్లంతా నలుపు గనక దానికా పేరు. పొదగేసిన నాడే అచ్చియమ్మ ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీసింది. గీత లేని గుడ్డు కనబడిందంటే అది తర్వాత ఎవరో పెట్టిపోయింది. తీసి కూర వండేస్తుంది. ఈసారి మాత్రం కోతలొచ్చిపడ్డాయి. తెల్లారకముందే చేలోకి పోయి పొద్దుగూకాక వచ్చే మనిషికి బుట్టలోకి తొంగిచూసే తీరికేదీ?

ఆ సందు చూసుకుంది పర్లపెట్ట. నలుపూ తెలుపూ చుక్కల ఒళ్లు, తేనె పూసిన నోరు. కాకిపెట్ట నీళ్లకని లేస్తే చాలు, వచ్చి ఆ బుట్టలోనే గుడ్డు పెట్టేది.

"ఏమే, మళ్లీ నా బుట్టేనా?"

"వెచ్చగా ఉంటుందక్కా! అన్నిటితో పాటు ఇదొకటి. నీకేం బరువు?"

"నా రెక్కలేమన్నా గొడుగులా? అంచునున్నవి చల్లబడుతున్నాయే."

"నీది తల్లి మనసక్కా! నాకెక్కడినుంచి వస్తుంది?" అనేసి పర్లపెట్ట పురుగుల కోసం పెంటకుప్ప మీదికి పోయేది.

తల్లి మనసట. ఆ మాట చెవినబడ్డప్పుడల్లా కాకిపెట్టకు ఒళ్లు ఇంకాస్త బరువెక్కేది. పొట్ట కింద ఈకలు రాలిపోయాయి. తలమీది జుట్టు ఎరుపు మాసి పాలిపోయింది.

తెల్లటి సేతువ పుంజు అటుగా వస్తే అడిగింది. "ఏవయ్యా, నువ్వయినా దానికి చెప్పరాదా?"

"ఆడవాళ్ల గొడవల్లోకి నన్ను లాగకండి. ఊరిని లేపే బాధ్యత నాది."

"అవున్లే. నువ్వు కూయకపోతే సూర్యుడు మంచం దిగడు."

పుంజు అది పొగడ్తే అనుకుని రెక్కలు టపటపలాడించింది.

చివరికి గీతలున్న గుడ్లు చిట్లాయి. ఆ రోజంతా పిల్లలు రెక్కల కింద ఒదిగి నిద్రపోయాయి. మర్నాడు ఆకలని కీచుకీచుమన్నాయి. గీత లేని గుడ్లేమో ఇంకా విచ్చలేదు. కానీ లోపల సన్నగా కదలిక తెలుస్తోంది. తను లేస్తే ఇవి చల్లబడి పోతాయి. లేవకపోతే అవి ఆకలితో పోతాయి.

"పిల్లలు ఆకలికి నా ఈకలు పీకుతున్నాయే. వచ్చి నీ గుడ్ల మీద నువ్వు కూర్చో."

"అయ్యో అక్కా, నాకు నడుం నొప్పి! పెట్టింది నేనే అయినా వెచ్చబెట్టింది నువ్వు. అవి నీ పిల్లలే."

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ గుడ్డొకరిది, గోడొకరిది.

పోట్లాడదామనుకుంది కాకిపెట్ట. పోట్లాటకూ ఓపిక కావాలి. అది లేక ఓ నిట్టూర్పు విడిచింది.

"సరేలే. కోతలు అయిపోయాయట. ఇవాళ్టినుంచి అచ్చియమ్మ నూకలు తెచ్చి పొదిగేదాని ముందే పోస్తుంది. నాకా, మింగే ఓపిక కూడా లేదు. ఆ పుంజునే కాసేపు కూర్చోమంటాను."

పర్లపెట్ట మెడ సాగింది. "నూకలా? పుంజెందుకక్కా, నేనేం పరాయిదాన్నా? నువ్వెళ్లి తిరిగిరా. నా నడుం కూడా కాస్త సర్దుకుందిలే."

కాకిపెట్ట పిల్లల్ని వెంటేసుకుని దిగింది. పర్లపెట్ట ఎక్కి కూర్చుంది.

కాసేపటికి అచ్చియమ్మ నూకల చేటతో వచ్చింది. నల్లపెట్ట పిల్లలతో మట్టి గీరుతోంది. మరి బుట్టలో ఉన్నదెవరు? గుడ్లు తడిమి చూద్దామని చెయ్యి పెట్టింది. నూకలు ఎక్కడ వెనక్కి పోతాయోనని పర్లపెట్ట ఒళ్లు ఉబ్బించి ఆ చేతిని ఠక్కున పొడిచింది.

"ఓసి నీ దుంపతెగ! నువ్వూ పొదుగుకొచ్చావుటే!"

పొడిచిన పెట్టకు పొదుగు మీద మోజున్నట్టే అచ్చియమ్మ లెక్క. నూకలు పోసి, నీళ్ల మూకుడు పెట్టి, పైన పెద్ద గంప బోర్లించి దానిమీద రాయి పెట్టింది.

"అక్కా! ఎప్పుడు తీస్తారిది?" లోపలినుంచి కేక.

"నీ కిందవి బయటికొచ్చాక."

"నాకు పెంచడం రాదక్కా!"

"నాకు మాత్రం ఎవరు నేర్పారే? కింద కదలిక తెలిస్తే లేవకు. అంతే."

నవ్వుదామనుకుంది కాకిపెట్ట. ఆవులింతొచ్చింది. పిల్లలు కడుపునిండా తిన్నాక మునగచెట్టు నీడన దుమ్ములో ఒరిగిపోయింది.

గంప కింద గోల చాలాసేపు సాగింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. గుడ్డులోంచి ఎవరో పిలిచినట్టున్నారు.

నీతి: పొగడ్త కప్పి నెత్తినపెట్టినా బరువు బరువే.

చప్పట్లు తర్వాత కొడుదురు గాని. మీ ఇళ్లలో పొద్దుటినుంచీ నడుం వాల్చని మనిషిని 'ఎంత ఓర్పో' అని పొగడటం ఇక ఆపండి. ఇప్పుడే లేచి వెళ్లి, ఆమె చేతిలో పని మీరందుకోండి.