అద్దాల గదిలో ధర

కంబగిరయ్యగారు ఏ ప్రశ్నకూ కూర్చున్న చోటు నుంచి జవాబు చెప్పేవారు కాదు. నలభై ఏళ్లు వడ్రంగం చేసి, ఆ తర్వాత ఉలి పక్కనపెట్టి అచల బోధ అనే తత్వం చెప్పడం మొదలుపెట్టిన మనిషి ఆయన. ఆదోనికి పదిమైళ్ల దూరంలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊళ్లో, ఆయన ఇంటి రేకుల వసారాలో సాయంత్రాలు పాతికమంది దాకా చేరేవారు. ఎవరేమడిగినా విని, తలూపి, వేరే మాటలోకి వెళ్లిపోయేవారు. వారానికో నెలకో అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. జవాబు ఆ పనిలో ఎక్కడో దొరికేది. కొందరికి దొరికేది కాదు. అలాంటివాళ్లను ఆయన మళ్లీ అడగమనీ అనలేదు, అడగొద్దనీ అనలేదు.

ఆయన శిష్యులలో సుంకన్న ఒకడు. ఒక జిన్నింగు మిల్లుకు పత్తి కొనిపెట్టడం అతని ఉద్యోగం. గుప్పెడు పత్తి చేతిలోకి తీసుకుని, పింజ లాగి చూసి, అది ఏ ధరకు పోతుందో చెప్పగలడు. రైతు ఏ ధరకు దిగివస్తాడో కూడా ముఖం చూసి చెప్పగలడు. ఆ యేడు మార్కెట్టు యార్డులో ఒక రైతు డబ్బు తీసుకుంటూ, అందరి ముందూ, "ఇచ్చింది తీసుకుంటున్నాను గానీ ఇది ధర కాదు సుంకన్నా" అన్నాడు. ఆ మాట అతని లోపల ముల్లులా ఉండిపోయింది. ఒక సాయంత్రం వసారాలో అడిగేశాడు.

"అయ్యా, అమ్మేవాడు ఒప్పుకుని అమ్మి, కొనేవాడు ఒప్పుకుని కొన్నాక, ఆ ధరలో అన్యాయానికి చోటెక్కడుంది?"

అతను అడిగిన తీరులో సందేహం కంటే వాదన ఎక్కువగా వినిపించింది. కంబగిరయ్యగారు విన్నారు, తలూపారు, వాన రాకడ గురించి పక్కవాణ్ణి అడిగారు.

అప్పటికి ఆ శిష్యులు కారు కొనే ఆలోచనలో ఉన్నారు. కిందటి శ్రావణంలో, రిటైరైన పోస్టుమ్యాన్ ఓబులేసు కోడలికి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. బండి కోసం మనుషులు చుట్టుపక్కల ఊళ్లకు పరుగెత్తారు. బండి దొరికి, ఆదోని ఆసుపత్రి చేరేసరికి తల్లి మిగిలింది, బిడ్డ మిగలలేదు. ఊరికి ఒక బండి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని ఆ తర్వాత అందరూ తలా కొంత వేసుకున్నారు. అందరికంటే ఎక్కువ ఓబులేసు ఇచ్చాడు. ఆ డబ్బు సంచీని ఒకరోజు కంబగిరయ్యగారు సుంకన్న చేతిలో పెట్టారు. బేరం తెలిసినవాడివి కాబట్టి కారు నువ్వే కొనమన్నారు, సరైన ధరకు కొనమన్నారు. తానూ వెంట వస్తానన్నారు.

సుంకన్న మూడు వారాలు ఆ పని మీదే ఉన్నాడు. కర్నూలు, బళ్లారి, అనంతపురం షోరూములకు ఫోన్లు చేశాడు. ప్రతి ఒక్కరు చెప్పిన ధరా విడగొట్టి రాయించి తెప్పించుకున్నాడు. కంపెనీ ధర, పన్ను, రిజిస్ట్రేషన్ బేరానికి లొంగేవి కావు. మారేవన్నీ వాటి కింద ఉన్నాయి. ఇన్సూరెన్సు బయట చేయించుకుంటే చాలా తక్కువ. హ్యాండ్లింగు చార్జీ అని రాసేది అడిగితే కొట్టేస్తారు. సీటు కవర్లు, మ్యాట్లు కలిపి ముందే వేసేసే కిట్టు తీసుకోవాలన్న నియమం లేదు. యార్డులో నెలల తరబడి ఎండకు నిలబడిన బండిని నెలాఖరులో వదిలించుకోవాలని వాళ్లూ చూస్తుంటారు. ఇవన్నీ ఆకళింపు చేసుకుని, నెల చివరి పనిదినం ఎంచుకుని, పొద్దున బస్సులో గురువుగారితో కర్నూలు బయలుదేరాడు.

బైపాసు పక్కనున్న ఆ షోరూములో అతను చేసిన బేరం, ఆ విద్య తెలిసినవాళ్లు చూడవలసిన బేరం. గొంతు పెంచలేదు. బళ్లారి షోరూము ధర కాగితం బల్ల మీద పెట్టి ఊరుకున్నాడు. అమ్మే కుర్రవాడు మాట్లాడినంతసేపూ వింటూ, మాట ఆగినప్పుడు తను అందుకోకుండా కూర్చున్నాడు. రెండుసార్లు లేచి తలుపు దాకా నడిచాడు. రెండోసారి మేనేజరు వంశీధరే వచ్చి అతన్ని తన అద్దాల గదిలోకి పిలుచుకుపోయాడు. ముప్ఫై దాటని మనిషి, కళ్ల కింద నలుపు. తలుపు మూసి, కాగితం మీద ఒక అంకె రాసి ఇటు తిప్పాడు. అచ్చువేసిన ధరకు డెబ్బై వేలు తక్కువ.

"ఈ రేటు ఈ గది దాటకూడదు సార్. నాకు మాటివ్వాలి," అన్నాడు.

సుంకన్నకు తండ్రి గుర్తొచ్చాడు. పశువుల సంతలో తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి ధర తేల్చే దళారి ఆయన. పక్కన నిలబడినవాడికి కూడా ఆ ధర తెలిసేది కాదు. ఇదీ అంతేననుకున్నాడు. మాటిచ్చి, అడ్వాన్సు కట్టి, రసీదు తీసుకుని బయటికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత అతని గుండె తేలిగ్గా ఉంది.

బయట సోఫాలో కంబగిరయ్యగారి పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి, ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుంది. ఆమె పేరు దస్తగిరమ్మ అనీ, దేవనకొండ వైపు మనిషనీ, భర్త పోయాక పదకొండేళ్లుగా ఆటో నడుపుతోందనీ గురువుగారు చెప్పారు. పత్తి ఏరను పోయే కూలీ ఆడవాళ్లను చేలకు చేరవేస్తుందట. కిందటేడు మలుపులో ఒకామె ఆటోలోంచి జారిపడి కాలు పోగొట్టుకుంది. అప్పటినుంచి తలుపులున్న బండి కొనాలన్నది ఆమె పట్టుదల. బ్యాంకు అప్పు మంజూరైంది. వాళ్లు కొన్న రకం బండే ఆమె కూడా కొంటోంది. ముందున్న టీపాయి మీద అచ్చు కాగితం, సంతకం చేయవలసిన చోట పెన్సిలు గుర్తు.

"సారూ, మీరూ ఇదే బండి తీసుకున్యారంట కదా," అందామె. "మీకెంతకిచ్చినారు?"

సుంకన్న తలెత్తితే అద్దం అవతల వంశీధర్ నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆ ధర గది దాటనివ్వనని మాటిచ్చి వచ్చాడు. చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ ఊరుకుంటే ఆమె మళ్లీ అడుగుతుంది.

"అందరికీ ఒకటే రేటమ్మా," అన్నాడు.

ఆమె ముఖం తేటపడింది. చదువుకున్నవాళ్లే అంత పెట్టారంటే ఇంకేముందిలే అని గొణుక్కుంటూ, పెన్ను తీసుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. బ్యాంకు మనిషి వచ్చేది మధ్యాహ్నం మూడింటికట. అప్పటిదాకా అక్కడే ఉంటానంది. కంబగిరయ్యగారు లేచి, ఆమెకు నమస్కారం పెట్టి, బయటికి నడిచారు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్క కూర్చుని చేలు చూస్తూ ఉండిపోయారు. సుంకన్న బేరం ఎలా సాగిందో మొదటినుంచి చెప్పబోయాడు. పావుగంట చెప్పాక, చెబుతున్నది తన చెవికే బాగాలేదనిపించి ఆపేశాడు. గురువుగారు తనను ఒక్క మాట అని ఉంటే దానికి సమాధానం ఉంది. మాటిచ్చాను కదా అనవచ్చు. ఇది ఊరి డబ్బు కదా అనవచ్చు. ఆయన ఏమీ అడగలేదు. అడగనందువల్ల ఆ సమాధానాలన్నీ అతని దగ్గరే మిగిలిపోయాయి. వాటిని ఒక్కొక్కటే తనకు తాను చెప్పుకుని చూశాడు. అన్నీ నిజమే. కానీ ఆ ఆడమనిషి పెన్ను పట్టుకున్న తీరు కళ్లముందునుంచి పోవడం లేదు.

కోడుమూరులో బస్సు టీ కోసం ఆగింది. సుంకన్న దిగి, కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కాడు. "అయ్యా, నేను వెనక్కి పోవాల. మీరు ఊరికి పొండి," అన్నాడు. కంబగిరయ్యగారు సంచీ భుజాన వేసుకుని ఆయనే ముందు దిగారు.

షోరూము చేరేసరికి రెండున్నర. దస్తగిరమ్మ అదే సోఫాలో చద్దిమూట విప్పుకుని తింటోంది. సుంకన్న ఆమె ఎదుట నిలబడ్డాడు. పత్తి ధరలు వేలసార్లు చెప్పిన నోటికి ఆ నాలుగు మాటలు చెప్పడం కష్టమైంది.

"అమ్మా, పొద్దున నేను చెప్పింది నిజం కాదు. నాకు డెబ్బై వేలు తగ్గించినారు."

ఆమె చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టేసింది.

"నేను కాగితం చదవలేదు సారూ," అంది. "మీ మొగం చూసి సంతకం పెట్టినా."

సుంకన్న ఆమెను వెంటబెట్టుకుని, అద్దాల గదిలోకి వెళ్లి, ఈసారి తలుపు మూయలేదు. మాట తప్పానని వంశీధర్‌తో ముందుగా ఒప్పుకున్నాడు. ఆమెకూ అదే ధర ఇమ్మన్నాడు, కుదరదంటే తన అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయమన్నాడు. వంశీధర్ కోప్పడలేదు. నీరసంగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీకు తగ్గించింది నా ఇంట్లోంచి తేలేదు సార్. నెలకు ఇంత తగ్గించొచ్చని పైనుంచి ఒక హద్దు ఉంటుంది. గట్టిగా అడిగినవాళ్లకు అది పోతుంది. అడగడం తెలియనివాళ్ల దగ్గర పూడ్చుకుంటాం. ఇద్దరికీ ఇవ్వమంటే ఎక్కడినుంచి తెమ్మంటారు?"

సుంకన్న తన రసీదు బల్లమీద పెట్టి, అందులో తగ్గించినదే ఇద్దరికీ పంచమన్నాడు. వంశీధర్ కంప్యూటర్ వైపు తిరిగి చాలాసేపు ఏవో కొట్టాడు, ఎవరికో ఫోను చేశాడు. ఆమె కాగితంలోంచి హ్యాండ్లింగు చార్జీ, అడగని కిట్టు తీసేశాడు. కొంత వాళ్లు వదులుకున్నారు, ఎక్కువ సుంకన్న వదులుకున్నాడు. చివరికి రెండు కాగితాల మీదా ఒకే అంకె పడింది.

దస్తగిరమ్మ అతనికి దండం పెట్టలేదు, మంచిమాట చెప్పలేదు. కొత్త కాగితం అతని చేతికే ఇచ్చి చదవమంది. సుంకన్న పైనుంచి కిందిదాకా, ఏ గీతకు ఏమిటో చెబుతూ చదివాడు. అంతా విని, "ఇంకోతూరి చదవండి," అంది. అతను ఇంకోసారి చదివాడు. అప్పుడు సంతకం పెట్టింది.

పది రోజులకు తెల్లటి బండి ఊరికి వచ్చింది. ఆ సాయంత్రం వసారాలో అందరి ముందూ సుంకన్న జరిగింది దాచకుండా చెప్పాడు. మొదట ఎంతకు కుదిరిందో చెప్పాడు, చివరికి ఎంత పెట్టాడో చెప్పాడు, ఆమెతో ఆడిన అబద్ధం కూడా చెప్పాడు. ఊరి డబ్బు కాబట్టి ఆ తేడా తన జీతంలోంచి కట్టుకుంటానన్నాడు. కొందరు ఫర్వాలేదన్నారు. ఓబులేసుకు మాత్రం మనసొప్పలేదు. ఆయన పింఛను కూడబెట్టి ఇచ్చింది మరి.

"నువ్వు దొంగతనం చేయలేదే సుంకన్నా," అన్నాడు ఓబులేసు. "ఆ గదిలో వాడు ఒప్పుకున్నాడు, నువ్వు ఒప్పుకున్నావు. ఇద్దరూ ఒప్పుకున్న ధరను ఎందుకు వదులుకోవాల?"

కొన్నాళ్ల కిందట ఇదే వసారాలో సుంకన్న అడిగిన ప్రశ్నే అది. వసారాలో చూపులన్నీ కంబగిరయ్యగారి మీదికి మళ్లాయి. ఆయన వసారా ముందు నిలిపిన కొత్త బండి తలుపు తీసి, దాని మడతబందులు ఎలా బిగించారో వేలితో తడిమి చూస్తున్నారు. తలుపు మెల్లగా వేసి ఇటు తిరిగారు.

"ఆ గదిలో ఇద్దరే ఉన్నారని మొదట సుంకన్నా అనుకున్నాడు, ఓబులేసూ," అన్నారు.