పనస పాదు

ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు భద్రమ్మగారికి లేదు. ముందు ఏదో ఒక పని అప్పగించేవారు.

ఆమె శిష్యుల్లో, రోజూ ఆశ్రమానికి వచ్చి నీళ్లు తోడే కూర్మన్న అనే నేతగాడు ఉండేవాడు. అతని మెడ పక్కన ఒక గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. అతను వెళ్లలేదు, ఇంట్లో చెప్పనూ లేదు. ఒకనాటి ఉదయం ఆమె ఎదుట కూర్చుని, "అమ్మా, తెలుసుకుంటే ఉన్న ధైర్యం కూడా పోతుందేమో. తెలియకుండా ఉండటమే మేలు కదా?" అని అడిగాడు.

ఆమె ఆశ్రమం వెనక పనసచెట్టును చూపించారు. ఎప్పుడో అందానికని నాటిన నేలతీగ దాని పాదంతా అల్లుకుని, మోకాలెత్తున పెరిగి, మానును కూడా కమ్మేసింది. ఆ తీగంతా తీసెయ్యమన్నారు. పనస వేళ్లు పైపైనే ఉంటాయి కనుక పార వెయ్యొద్దని, చేత్తోనే పీకాలని చెప్పారు.

కిందటి వారమే ఆ తీగలోకి రక్తపింజర దూరడం వంటామె చూసింది. ఆ సంగతి కూర్మన్నకు తెలుసు. కర్రతో తట్టి, ఆగి, చెవి ఒగ్గి విని, అంచు నుంచి గుప్పెడు గుప్పెడు లాగసాగాడు. పొద్దున భయం తక్కువే. అంత తీగలో పాము ఎక్కడైనా ఉండవచ్చు. మధ్యాహ్నానికి తీగ చాపంత మిగిలింది. ఉంటే ఇక అందులోనే ఉండాలి. చాపంతది చేటంత అయ్యేసరికి అతను కర్ర పక్కన పెట్టేశాడు. మిగతాది రేపు చూద్దామని లేచాడు.

అప్పుడు భద్రమ్మగారు వచ్చి ఆ పక్కనే నేల మీద కూర్చున్నారు. ధైర్యం చెప్పలేదు. "బావికి రోజూ ఈ తీగను ఒరుసుకునే నడిచావు," అన్నారు, అంతే.

కూర్మన్న మళ్లీ వంగాడు. కర్రతో తట్టి, ఊపిరి బిగబట్టి, ఆ చివరి కుచ్చు పట్టి లాగాడు.

పాము లేదు. కానీ మాను మొదలు దగ్గర బెరడు నల్లబడి, తడితడిగా ఉంది. వేలు ఆనిస్తే మెత్తగా లోపలికి దిగింది. తీగ కింద చెమ్మ ఆరక చెట్టు ఎన్నాళ్లుగానో కుళ్లుతోంది. చటుక్కున వేలు వెనక్కి లాక్కున్నాడు. పాము కనబడినా అంత బెదిరేవాడు కాడు.

"బతుకుతుందా అమ్మా?" అని అడిగాడు.

ఆమె కుళ్లిన బెరడును గోటితో కొంచెం గీకి, లోపలికి తొంగి చూశారు.

"తెలియదు నాయనా. నిన్నటిదాకా ఆ మాట అడగడానికైనా వీల్లేకపోయింది," అన్నారు.