ఏమీ పంపని ఉడుము

అనగనగా ఒక అడవిలో ఒక కంపెనీ ఉండేది. అడవిలో కంపెనీ ఏమిటని నవ్వకండి, చెప్పేది వినండి. దాని పేరు కబుర్ల కంపెనీ. కొండ మీద ఒక కబురు చెబితే చాలు, చెట్టు నుంచి చెట్టుకు, నోటి నుంచి నోటికి మారుతూ, అన్నం ఉడికేలోపు కింద లోయకు చేరేది. మూడు వందల జంతువులకు అక్కడ ఉద్యోగం. అందరి మెడలోనూ టేకు బెరడుతో చేసిన బిళ్ళ వేలాడేది. బిళ్ళ ఉన్నవాళ్ళ కబురే తీసుకోవాలి. అదీ కంపెనీ పద్ధతి.

కంపెనీ దొర బొంతయ్య అనే ఎలుగుబంటి. మంచివాడే. కాకపోతే చెప్పుడు మాటలు వినే రకం. ఆయన ఆఫీసు లోయలో, వాగు ఒడ్డున ఉన్న గుహలో. ఆ పక్కనే గడ్డిలో జింకలు పిల్లల్ని పెంచుకునేవి.

కొండ మీద, వాగు పుట్టే చోట, గట్టమ్మ అనే ముసలి ఉడుము పనిచేసేది. అక్కడ ఒక బండ మీద తెల్ల గీత ఉంది. నీళ్ళు ఆ గీత దాటితే "వాగు వస్తోంది, పైకి పొండి" అని కబురు పంపాలి. అంతే ఆమె పని. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్ళి చూసేది. "అంతా బాగుంది" అని తనలో తాను అనుకుని వచ్చేసేది. నాలుగేళ్ళ కిందట ఒక్కసారి కబురు పంపింది. అప్పుడు అందరూ బతికారు. బతికాక మరిచిపోయారు.

ఇలా ఉండగా బొంతయ్యకు ఒక వార్త తెలిసింది. పక్క అడవి కంపెనీ సగం మందిని ఉద్యోగాల్లోంచి తీసేసిందట!

"మరి మనం ఎందుకు తీసేయలేదు?" అని బొంతయ్య కంగారుపడ్డాడు. "మనం వెనకబడిపోయామా?"

పక్కనే ఒంటికాలి మీద నిలబడిన కొంగ ఒక కన్ను తెరిచింది. కొంగ జపం దేనికో మీకు తెలుసుగా! అది ఆ కంపెనీకి సలహాదారు.

"దొరా, రోజుకు ఎవరు ఎన్ని కబుర్లు పంపుతున్నారో లెక్క తీద్దాం. తక్కువ పంపేవాళ్ళను ఇంటికి పంపేద్దాం," అంది కొంగ.

మొదటి నెల కుందేళ్ళను తీసేశారు. రెండో నెల ఉడుతలను తీసేశారు. ప్రతిసారీ కొంగ వచ్చి, "మనసు చాలా బాధగా ఉంది. ఇదంతా మీ మేలు కోసమే," అని చెప్పి బిళ్ళ తీసుకునేది. తీసేసినవాళ్ళు ఎదురైతే, మిగిలినవాళ్ళు చెట్టు చాటుకు తప్పుకునేవాళ్ళు. ఆ గాలి తగిలి తమ బిళ్ళ కూడా ఎక్కడ ఊడుతుందోనని భయం. నిన్నటిదాకా ఒకే ఆకులో తిన్నవాళ్ళు! తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మూడో నెల జాబితాలో గట్టమ్మ పేరు వచ్చింది. పేరు పక్కన సున్నా.

"ఏడాదంతా ఒక్క కబురూ పంపలేదా?" అని బొంతయ్య నోరెళ్ళబెట్టాడు.

"పంపే అవసరం రాలేదు దొరా. రాకపోవడం మంచిదే కదా!" అంది గట్టమ్మ.

"మంచిదే. కానీ సున్నా సున్నాయే," అంది కొంగ. "అయినా వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. నా ఉద్యోగమే అది," అంది గట్టమ్మ.

ఎవరూ వినిపించుకోలేదు.

ఆ కంపెనీలో ఇంకో పద్ధతి ఉంది. వెళ్ళిపోయేవాళ్ళు తమ పనిని కొత్తగా వచ్చేవాళ్ళకు మూడు రోజులు నేర్పి మరీ వెళ్ళాలి. గట్టమ్మ చోటికి ఒక రామచిలక వచ్చింది. ఏది విన్నా ఇట్టే పట్టేస్తుంది. తిండి ఒక్క జామపండు.

మొదటి రోజు గట్టమ్మ బండ చూసి "అంతా బాగుంది" అంది. రెండో రోజు చూసి "అంతా బాగుంది" అంది. మూడో రోజూ అంతే.

"ఇదే పని. అర్థమైందా తల్లీ?"

"అర్థమైంది! అంతా బాగుంది!" అంది చిలక.

కొంగ వచ్చి ఎప్పటి మాటే చెప్పింది. గట్టమ్మ బిళ్ళ ఇచ్చేసి కన్నీళ్ళు పెట్టుకుంది. చిలక ఆ రోజు నుంచే "అంతా బాగుంది" అని రోజుకు అయిదు వందల కబుర్లు పంపింది. బొంతయ్య మురిసి ముక్కలయ్యాడు.

శ్రావణమాసం వచ్చింది. మూడు రోజులు ముసురు విడవలేదు. ఉద్యోగం పోయినా గట్టమ్మ పొద్దున్నే బండ దగ్గరికి వెళ్ళడం మానలేదు. ఉడుము పట్టు అని ఊరికే అనరు మరి! నాలుగో రోజు వెళ్ళేసరికి గీత కనపడలేదు. నీళ్ళ కింద ఉంది. పై కొమ్మ మీద చిలక హాయిగా "అంతా బాగుంది!" అంటోంది.

"ఒక్కసారి కిందికి చూడవే!" అని అరిచింది గట్టమ్మ.

"చూడటం నాకు నేర్పలేదు. అనడమే నేర్పావు," అంది చిలక.

గట్టమ్మ మొదటి చెట్టు దగ్గరికి పరిగెత్తింది. అక్కడ కొమ్మన్న అనే కొండముచ్చు కాపలా.

"కొమ్మన్నా, వాగు వస్తోంది! కబురు అందుకో!"

"నీ బిళ్ళ ఏది గట్టమ్మత్తా?"

"తీసేసుకున్నారు కదరా!"

"బిళ్ళ లేని కబురు తీసుకుంటే నా బిళ్ళ పోతుందత్తా. ఇంట్లో నలుగురు పిల్లలు," అని కొమ్మన్న మొహం తిప్పుకున్నాడు.

కాస్త దూరంలో నేరేడు చెట్టు కింద, తీసేసిన కుందేళ్ళూ ఉడుతలూ కూర్చుని ఉన్నాయి. గట్టమ్మ సంగతి చెప్పింది.

"మునగనీ! మనల్ని తీసేసినప్పుడు తెలియలేదా ఆ దొరకి?" అంది ఒక ఉడుత.

"దొర సంగతి వదిలెయ్. జింకపిల్లలకు ఇంకా కాళ్ళే నిలవలేదే," అంది గట్టమ్మ.

ఉడుత చటుక్కున లేచి పరిగెత్తింది. ఉడుతలు కొమ్మల మీద, కుందేళ్ళు నేల మీద "వాగు వస్తోంది, పైకి పొండి!" అని అరుచుకుంటూ లోయలోకి దూసుకుపోయాయి. జింకలు పిల్లల్ని ముందు పెట్టుకుని గట్టెక్కాయి.

బొంతయ్య మాత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుని ఉన్నాడు. "అంతా బాగుందని కబురొచ్చిందిగా!" అన్నాడు. నీళ్ళు గడ్డానికి తగిలాక లేచి ఇప్పచెట్టు ఎక్కాడు. కొంగ అందరికంటే ముందే ఎగిరిపోయి అదే చెట్టు చిటారుకొమ్మన వాలింది. ఆఫీసు మునిగిపోయింది. కానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

సాయంత్రానికి వాగు తగ్గింది. గట్టమ్మ లోయలోకి దిగి వచ్చింది, వెనకే చిలకా ఎగిరొచ్చింది. బొంతయ్య చెట్టు దిగి తలవంచుకున్నాడు.

"గట్టమ్మా, తప్పయిపోయింది. మనమంతా ఒక కుటుంబం. నీ బిళ్ళ నీకిస్తాను, వచ్చేయ్."

"నాకే కాదు, వీళ్ళందరికీ ఇవ్వాలి," అంది గట్టమ్మ. "ఇంకోటి. పద్ధతి ప్రకారం పని మూడు రోజులు నేర్పాలి. ఈసారి మీకు."

కొంగ ఏదో అనబోయి ముక్కు తెరిచింది. ఇంతలో కొమ్మ మీద చిలక, "మనసు చాలా బాధగా ఉంది! ఇదంతా మీ మేలు కోసమే!" అంది. ఎవరూ నేర్పకుండానే! బొంతయ్య కొంగ వైపు చాలాసేపు చూశాడు. కొంగ రెండో కాలు కూడా కింద పెట్టేసింది.

బొంతయ్య అందరి బిళ్ళలూ ఇచ్చేసి, మూడు రోజులు బండ దగ్గర కూర్చున్నాడు. మబ్బు పట్టినప్పుడల్లా లేచి గీత చూశాడు. ఆకు రాలినా ఉలిక్కిపడ్డాడు. మూడో రోజు సాయంత్రం కుంటుతూ కొండ దిగాడు.

"ఏం జరిగింది దొరా?" అని అడిగాయి ఉడుతలు.

"ఏమీ జరగలేదు," అన్నాడు బొంతయ్య చెమట తుడుచుకుంటూ. "అబ్బ, నడుం పడిపోయిందనుకోండి!"

నీతి: ఆపద రాకుండా కాసేవాళ్ళ పని కంటికి కనపడదు. కనపడలేదని వాళ్ళను తీసేస్తే, ఆపదే కనపడుతుంది.