దళవాయి చెప్పిన గుర్తుమాట

కోటలో దొంగ పడ్డాడు. రోజూ మారే గుర్తుమాటను వాడు సరిగ్గా చెప్పడంతో కాపలా సింగన్న తలుపు తీశాడు. "ఆ మాట నాకూ సింగడికీ తప్ప ఎవరికీ తెలీదు. వీడే అమ్ముకున్నాడు," అని కోట రక్షణ చూసే దళవాయి తేల్చేసి, అతనికి సంకెళ్లు వేయించాడు.

సింగన్న భార్య పోలమ్మ కోటవాళ్ల బట్టలు ఉతుకుతుంది. మొగుడు అలాంటి పని చేయడని ఆమెకు తెలుసు. ఉతకడానికొచ్చిన రాజదూత అంగీ, తలపాగా తమ్ముడికి తొడిగి దళవాయి ఇంటికి పంపింది. అదే రోజు సభకొచ్చి దణ్ణం పెట్టింది.

"మహారాజా, ఈ రోజు గుర్తుమాట చింతచిగురు."

దళవాయి ముఖం పాలిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"తమరే బాబూ. రాజుగారు అడగమన్నారని మా తమ్ముడు అనగానే చెప్పేశారట."

రాజు దళవాయి వైపు తిరిగాడు. "దొంగ పడ్డ రోజు కూడా ఎవరైనా అడిగారా?"

"ఎవరో కొత్త దూత అడిగాడు ప్రభూ," అని దళవాయి తల దించుకున్నాడు.

రాజు సింగన్న సంకెళ్లు విప్పించి, వాటిని దళవాయికి వేయమన్నాడు.

"వద్దు మహారాజా," అంది పోలమ్మ. "మా ఆయన మాట అడిగి తలుపు తీశాడు. ఈయనేమో అంగీ చూసి మాటే ఇచ్చేశారు. నాలుగు రోజులు మా ఆయన పక్కన కాపలా కాయనివ్వండి, అడగడం నేర్చుకుంటారు."